అరుగు మీద ఎండ

ఉగాది వెళ్ళిన మర్నాటి నుంచి నాకు వచ్చే ఉత్తరాల వాలకం మారిపోతుంది. అప్పటిదాకా దగ్గులు, కీళ్ళనొప్పులు, మధ్యమధ్య కోడళ్ళ మీద చాడీలు. ఆ తర్వాత అంతా ఎండే. ఈసారి సంపాదకులు పంపిన కట్టలో ఇరవై మూడు ఉత్తరాలుంటే పదిహేడు ఎండ గురించే. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు. మిగిలినవారికి విడిగా కార్డు రాస్తాను, చిరునామా చదవగలిగేలా రాసినవారికి మాత్రం.

పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. సర్కారు కొలువు నుంచి రిటైరయ్యాక రోగులను చూస్తున్నదీ ఈ అరుగు మీదే. ఎదురుగా ఒడియా బడి పిల్లలు పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని “ఖరా, ఖరా” అంటూ పరుగెడుతున్నారు. ఒడియాలో ఖరా అంటే ఎండ. మన నిఘంటువుల్లో సూర్యుడికి ఖరకరుడు అన్న పేరుంది. ఈ ఊళ్ళో ఏ భాషలో తిట్టుకున్నా ఆయనకు అర్థమవుతుంది.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది బరంపురం. వయసు 34, బ్యాంకులో ఉద్యోగం. ఇంత ఎండ కాసే ఊళ్ళో ఉంటూ నా రక్తంలో డి విటమిన్ 9 అని వచ్చింది. ఏడాదిగా రోజూ ఉదయం ఆరున్నరకు బాల్కనీలో అద్దం తలుపుల వెనక అరగంట కూర్చుంటున్నాను. అయినా పెరగలేదు. పరీక్ష తప్పా? నాకు రాసిన గుళికలనే మా మామగారు కూడా బలానికని రోజుకొకటి వేసుకుంటున్నారు. పరవాలేదా?

జవాబు: పరీక్ష తప్పు కాదమ్మా. మీరు కూర్చునే వేళ ఒక తప్పు, మీకూ ఎండకూ నడుమ ఉన్న అద్దం ఇంకో తప్పు. మీ మామగారి సంగతి చివర చెబుతాను, అది వీటన్నిటికంటే పెద్దది.

మన చర్మంలో కొలెస్టరాల్‌కు దగ్గరి చుట్టమైన పదార్థం ఒకటి ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ‘బి’ రకం దానికి తగిలితే డి విటమిన్‌కు తొలిరూపం తయారవుతుంది. ఆ తర్వాత కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో ఒకసారి మారి ఒంటికి పనికొచ్చే రూపానికి వస్తుంది. ఈ బి కిరణాలు మహా సుకుమారం. పొద్దు వాలుగా ఉన్నప్పుడు అవి గాలిలో చాలా దూరం రావాలి, దారిలోనే ఓజోన్ వాటిని మింగేస్తుంది. కిటికీ అద్దాన్ని దాటలేవు. దాటి వచ్చేవి ఎక్కువగా ‘ఎ’ రకం కిరణాలు. వాటితో డి విటమిన్ రాదు, చర్మం ముడతలు పడే పని మాత్రం శ్రద్ధగా జరుగుతుంది. అంటే ఏడాది పాటు మీరు ఎండలో లాభం లేని భాగాన్ని ఏరి మరీ తీసుకున్నారు.

గడియారం పక్కన పెట్టి నీడ చూడండి. మీ నీడ మీకంటే పొడవుగా ఉంటే ఆ ఎండలో డి విటమిన్ లేనట్టే అనుకోవచ్చు. పొట్టిగా ఉంటే ఉంది. మన ప్రాంతం 19 డిగ్రీల అక్షాంశానికి కొంచెం అటూ ఇటూ. చైత్ర వైశాఖాల్లో ఇక్కడ ఉదయం తొమ్మిదికల్లా నీడ మనిషికంటే పొట్టిదవుతుంది. మే నెల నడుమ ఒక రోజు మిట్టమధ్యాహ్నం అది పాదాల కిందికే దూరిపోతుంది, మీ బ్యాంకు మెట్ల మీద నిలబడి చూడండి. డిసెంబరులో అయితే పదకొండు దాటాలి, పన్నెండున్నర దాటితే మళ్ళీ నీడ సాగుతుంది. తిరుపతి వైద్యులు పరిశీలించి, పదకొండు నుంచి రెండు వరకు కాసే ఎండలో డి విటమిన్ బాగా తయారవుతుందని తేల్చారు. ఆ మాట నిజమే గాని, మన వేసవిలో ఆ వేళ బయట నిలబడమని నేను చెప్పను. ఇప్పటి రోజుల్లో తొమ్మిదికీ తొమ్మిదిన్నరకూ నడుమ మేడ మీదికి వెళ్ళండి. చేతులు మోచేతుల పైదాకా, కాళ్ళు పిక్కల దాకా తెరిచి ఇరవై నిమిషాలు, వారానికి మూడు నాలుగు రోజులు చాలు. సెలవు లేని రోజు వదిలేయండి. మొహం కప్పుకోండి. అది చిన్న చోటు, అక్కడ విటమిన్ కంటే మచ్చలే ముందు వస్తాయి. ఒక చిన్న మాట: ఒంటి రంగు ఎంత ముదురైతే అంత ఎక్కువ సేపు కావాలి. చర్మంలోని మెలనిన్ పుట్టుకతో వచ్చిన గొడుగు, అది బి కిరణాలను కూడా ఆపుతుంది.

1822లో స్నియాదెత్స్కీ అనే పోలండు వైద్యుడు, వార్సా నగరం పిల్లలకు దొడ్డికాళ్ళు వస్తున్నాయనీ చుట్టుపక్కల పల్లె పిల్లలకు రావడం లేదనీ గమనించి, ఎండ తగలనివ్వమని చెప్పాడు. విటమిన్ అన్న మాట ఇంకా పుట్టని కాలం అది. రెండు వందల ఏళ్ళ తర్వాత బరంపురం అపార్టుమెంట్లు వార్సా అయ్యాయి. స్కూటరు మీద చేతితొడుగులు, మొహానికి చున్నీ, కళ్ళకు అద్దాలు. బయటికి కనిపించేది హెల్మెట్ ఒక్కటే.

అయితే 9 అన్నది ఎండ ఒక్కదానితో పూడే గొయ్యి కాదు. 20కి తక్కువైతే లోపం, 12కి తక్కువైతే ఎముకలకు ముప్పు. మీకు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు 60,000 యూనిట్ల గుళిక రాసి ఉంటారు. మానకుండా వాడండి.

ఇక మీ మామగారు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించండి. మామగారూ, మీరు వేసుకుంటున్నది ఒక్కొక్కటీ వారం రోజుల మందు. మీ వయసువారికి రోజుకు కావలసింది 600 యూనిట్లు. మీరు దానికి వంద రెట్లు మింగుతున్నారు. రెండేళ్ళ కిందట ఇదే అరుగు మీదికి ఒక రిటైర్డు గుమాస్తా గారిని ఎత్తుకొచ్చారు. వాంతులు, మలబద్ధకం, ఎంత తాగినా తీరని దాహం, కొడుకు పేరు తప్పు చెబుతున్నారు. పక్షవాతమేమో అని ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నారు. సంచి బోర్లించి చూస్తే రెండు నెలలుగా రోజుకొక గుళిక. రక్తంలో కాల్షియం హద్దు దాటి మూత్రపిండాలు మొరాయించాయి. ఎండలో నిలబడినవాడికి ఇది జరగదు. డి విటమిన్ ఎక్కువ కాబోతే దాని తొలిరూపాన్ని ఆ ఎండే పనికిరాని ముక్కలుగా విరిచేస్తుంది. గుళికకు ఆ బుద్ధి లేదు. ఈ పూట నుంచి ఆపి, కాల్షియం పరీక్ష, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. నా మీద కోపం వస్తే రానివ్వండి.

ప్రశ్న: మాది కాశీనగర్ దగ్గర పల్లె. తాపీ మేస్త్రీని. పోయిన ఏడాది మే నెలలో స్లాబు పనికి వచ్చిన కుర్రవాడు మొదటి రోజే మధ్యాహ్నం రెండింటికి పొంతన లేని మాటలు మాట్లాడి పడిపోయాడు. సూరత్‌లో ఆరేళ్ళు మరమగ్గాల మీద పనిచేసి వచ్చినవాడు, గట్టి మనిషి. ఒళ్ళంతా చెమట కారుతూనే ఉంది, కాబట్టి వడదెబ్బ కాదనుకున్నాం. నోట్లో నీళ్ళు పోశాం, జ్వరం మాత్ర వేశాం. జేబులో ఉల్లిపాయ కూడా ఉంది. బండి దొరికి ఆసుపత్రికి చేర్చేసరికి గంటన్నర పట్టింది. ప్రాణం దక్కింది గాని మూత్రపిండాలకు ఆరు నెలలు మందులు వాడాడు. మేం ఎక్కడ తప్పు చేశాం?

జవాబు: మేస్త్రీ గారూ, తన తప్పేమిటని అడిగిన మేస్త్రీ ఇన్నేళ్ళలో నాకు మీరొక్కరే. కాబట్టి దాచకుండా చెబుతాను.

మొదటిది చెమట. ఒళ్ళు పొడిబారితేనే వడదెబ్బ అన్నది ఇంట్లో కూర్చున్న ముసలివారి విషయంలో తరచు నిజమవుతుంది. బరువు మోస్తూ పడిపోయే పనివాడికి చెమట కారుతూనే ఉండవచ్చు. చూడవలసింది మాట తీరును. ఎండలో పనిచేస్తున్న మనిషి తిక్కగా మాట్లాడినా, తూలినా, ఊరికే కోప్పడినా, పేరు అడిగితే తడబడినా అది వడదెబ్బే అనుకోండి. అప్పటికి ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. మెదడు, కాలేయం, మూత్రపిండాలు ఆ వేడిని కొద్దిసేపే ఓర్చుకుంటాయి.

రెండోది బండి కోసం ఎదురుచూసిన గంటన్నర. 108కి ఫోను చేయవలసిందే, కాని బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ముందు చల్లార్చడం, తర్వాతే తరలించడం. మీ దగ్గర ఆసుపత్రిలో లేనంత సరంజామా ఉంది. స్లాబు తడపడానికి డ్రముల్లో నీళ్ళు, దాని మీద పరిచే గోనెపట్టాలు. మనిషిని నీడకు లాగి, చొక్కా విప్పి, డ్రము నీళ్ళు తల నుంచి కాళ్ళ దాకా పోస్తూ ఉండండి. ఇద్దరు సిమెంటు సంచుల అట్టలతో విసరండి. గోనె కప్పితే గాలి ఆడదు, కాబట్టి తడిపి కింద పరవండి, పైన కప్పవద్దు. ఐసు దొరికితే చంకల్లో, గజ్జల్లో, మెడ పక్కన పెట్టండి. నీళ్ళ తొట్టి ఉంటే మెడ దాకా కూర్చోబెట్టి తల పట్టుకోండి. సిగ్గుపడవలసిన పని కాదు.

మూడోది నోట్లో పోసిన నీళ్ళు. తెలివి సరిగా లేనివాడి నోట్లో పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గ్లాసు తన చేత్తో పట్టుకుని తాగగలిగితేనే ఇవ్వండి. నాలుగోది జ్వరం మాత్ర. జ్వరంలో మెదడే వేడిని పెంచి కూర్చుంటుంది, మాత్ర దానికి నచ్చజెబుతుంది. వడదెబ్బలో మెదడు వేడి తగ్గించాలనే చూస్తోంది, చేతకావడం లేదు. అక్కడ మాత్ర చేసేదేమీ లేదు, అలసిన కాలేయానికి ఇంకో బరువు తప్ప. ఉల్లిపాయ సంగతి సరే. దాన్ని మధ్యాహ్నం అన్నంలో నంజుకోమనండి.

ఐదోది మీకు తట్టని తప్పు, నా లెక్కన అసలు తప్పు అదే. సూరత్ నుంచి వచ్చిన గట్టి మనిషిని మొదటి రోజే స్లాబు ఎక్కించారు. మగ్గాల షెడ్డులో ఉక్క ఉంటుంది గాని నెత్తిన పొద్దు ఉండదు, తట్ట మోత ఉండదు. ఎండలో పనికి ఒళ్ళు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చెమట ముందుగా పట్టడం, అందులో ఉప్పు తక్కువ పోవడం, గుండె నిదానించడం ఒళ్ళు నేర్చుకుంటుంది. గంజాం, గజపతి జిల్లాల కుర్రవాళ్ళు సూరత్ నుంచి పెళ్ళిళ్ళకని సరిగ్గా ఈ నెలల్లోనే ఇళ్ళకు వస్తారు. ఖాళీగా ఉండడమెందుకని కూలికి దిగుతారు. అటువంటివాడికి మొదటి రోజు పావు పని, నాలుగైదు రోజులు సగం పని చెప్పండి. కూలి ఎంత ఇస్తారన్నది మీ మంచితనం.

మన ఎండకు ఇంకో గుణం ఉంది. సముద్రం దగ్గర కాబట్టి గాలిలో తేమ. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది, కారి నేల మీద పడితే ఉప్పు, నీరు దండగ. అందుకే వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు చేరితే గాని వడగాలి మాట ఎత్తకపోయినా, తీరప్రాంతంలో 37 చేరి మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువగా ఉంటే చాలు వడగాలి అంటుంది. టీవీలో టిట్లాగఢ్ 45 అని చూసి, మన దగ్గర 38 కదా అని నిబ్బరపడకండి.

1998 వేసవిలో నేను ఒక సర్కారు ఆసుపత్రిలో కొత్త డాక్టరును. ఆ ఏడు ఒడిశాలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయారు. మంచాలు చాలక వరండాలో అరటాకులు పరిచి పడుకోబెట్టాం. అరటాకు చల్లగా ఉంటుందని ఒక వార్డు అమ్మాయి చెప్పింది, నాకు పుస్తకంలో ఎవరూ చెప్పలేదు. వచ్చినవారిలో ఎక్కువమంది కూలీలు, రిక్షావాళ్ళు. ఆ దెబ్బ తర్వాతే ఈ రాష్ట్రం కళ్ళు తెరిచింది. ఇప్పుడు ఏటా వేసవిలో మధ్యాహ్నం వేళ బయటి పనులు ఆపమని ఉత్తర్వులు వస్తున్నాయి, బడులు పొద్దున్నే నడుస్తున్నాయి. ఉత్తర్వు మీ ఊరి దాకా రాకపోయినా మీరు తెల్లవారుజామున ఐదుకు మొదలుపెట్టి పదకొండుకు ఆపవచ్చు.

తాగడం గురించి ఒక్క మాట. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకొక గ్లాసు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్ళకు ఒకటి, గ్లాసుకు ఒకటి కాదు. ప్యాకెట్టు లేకపోతే ఉప్పు వేసిన తరవాణి. ఒడియావారు తోరాణి అంటారు, పేరు కూడా మనదే. సరిహద్దుకు అవతల ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట వైపు ఇంటింటా మూత్రపిండాల రోగులున్నారని మీకు తెలుసు. దాని అసలు కారణం మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఏళ్ళ తరబడి ఎండలో, నీళ్ళు చాలక, ఒళ్ళు ఎండిపోతూ పనిచేయడం ఒక కారణం కావచ్చునని అనుమానిస్తున్నవారిలో నేనూ ఉన్నాను. ఆ కుర్రవాడికి ఆరు నెలలకొకసారి క్రియాటినిన్ చూపించండి. నొప్పి మాత్రలు దుకాణంలో కొనుక్కుని మింగనివ్వవద్దు.

ప్రశ్న: మా మనవరాలు పుట్టి నాలుగు రోజులు. పసిరికలు వచ్చాయి. పొద్దుటి ఎండలో పెడితే పోతుందని నేనంటే, మా కోడలు ఫోనులో ఏదో చూసి ఒద్దంటోంది. మీరు తీర్పు చెప్పాలి. (గుణుపురం నుంచి ఒక నాయనమ్మ)

జవాబు: పెద్దమ్మా, మీరు చెప్పింది ఉట్టి మాట కాదు. దానికి ఒక కథ ఉంది. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు పసిపిల్లలను ఎండ కోసం పెరట్లోకి తీసుకెళ్ళేది. ఒక రోజు ఆమె ఒక బిడ్డ దుప్పటి తీసి డాక్టర్లకు చూపించింది. ఒళ్ళంతా పాలిపోయిన రంగు, దుప్పటి అంచు కప్పిన చోట మాత్రం ముక్కోణంలా పసుపు. వెలుగు తగిలిన చోట పసరు తగ్గిందన్నమాట. రెండేళ్ళలో దీపాలతో వైద్యం పుట్టింది. ఇప్పుడు ఆసుపత్రిలో బిడ్డను పెట్టే నీలం దీపం ఆ నర్సు చూపు నుంచి వచ్చిందే.

అయినా తీర్పు మీ కోడలి వైపే. ఎండలో నీలం వెలుగుతో పాటు వేడి ఉంటుంది, కాల్చే కిరణాలుంటాయి. నాలుగు రోజుల బిడ్డ ఒంటిమీద బట్ట లేకుండా ఎంతసేపు ఎండ తగిలితే ఎంత పసరు పోతుందో మీరూ కొలవలేరు, నేనూ కొలవలేను. నాలుగో రోజు లేత పసుపు చాలామంది పిల్లలకు వస్తుంది, తల్లిపాలు తరచు పడితే పోతుంది. మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే వచ్చినా, అరచేతులు అరికాళ్ళ దాకా పాకినా, బిడ్డ పాలు వదిలి మగతగా పడి ఉన్నా, దొడ్డికి సున్నంలా తెల్లగా వెళ్ళినా ఎండ మాట తలపెట్టకుండా ఆసుపత్రికి వెళ్ళండి. పసరు మెదడుకెక్కితే చెవుడు వస్తుంది, చేతులు కాళ్ళు స్వాధీనం తప్పుతాయి. మీ ఇద్దరూ మాట్లాడుకోవడం మానకండి.

ప్రశ్న: మొహం మీద మంగు మచ్చలు. దుకాణంలో ఇచ్చిన తెల్లబడే క్రీము రాస్తే నెలలో పోయాయి. మూడు నెలల తర్వాత ఎండలోకి వెళితే మొహం మండుతోంది, ఎర్రబడుతోంది, సన్నని వెంట్రుకలు వస్తున్నాయి. జ్యేష్ఠంలో పెళ్ళి. (జయపురం)

జవాబు: ఆ గొట్టం మీది చిన్న అక్షరాలు చదవండి తల్లీ. చివర ‘జోన్’ అనో ‘సోల్’ అనో ఉన్న పేరు కనిపిస్తే అది బహుశా స్టెరాయిడ్. చర్మాన్ని పలచన చేసి ముందు తెల్లగా చూపిస్తుంది, తర్వాత మీరు రాసినవన్నీ చేస్తుంది. 2018లోనే ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్నారు. అమ్ముతూనే ఉన్నారు. ఒక్కసారిగా మానితే మొహం ఇంకా భగ్గుమంటుంది, చర్మవ్యాధుల డాక్టరు చూస్తుండగా మానండి.

మంగుకు గర్భం, హార్మోన్లు, వంశం, ఎండ అన్నీ కారణాలే. అతినీలలోహిత కిరణాలే కాక కంటికి కనిపించే వెలుగు కూడా దాన్ని ముదరబెడుతుంది. అందుకే ఐరన్ ఆక్సైడు కలిసిన, కొంచెం రంగుగా ఉండే సన్‌స్క్రీన్ మీకు మేలు. ఎస్‌పీఎఫ్ 30 అంటే బి కిరణాల్లో నూటికి 97 పాళ్ళు ఆగుతాయి, 50 అంటే 98. ఆ ఒక్క పాలు కోసం రెట్టింపు ధర పెట్టకండి, ఆ డబ్బుతో రెండు గంటలకొకసారి మళ్ళీ రాసుకోండి. పెళ్ళికొడుకు మిమ్మల్ని ఈ రంగులోనే చూసి ఒప్పుకున్నాడని గుర్తు.

ప్రశ్న: గోపాలపురంలో చేపలు పట్టే నోలియా కుటుంబం మాది. నాన్న, బాబాయి, అన్న, ముగ్గురికీ కంట్లో ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి మాంసం లాగా పెరిగింది. సముద్రపు ఉప్పు వల్లనా?

జవాబు: ఉప్పు, ఇసుక, గాలి కొంత. ఎక్కువ పాపం వెలుగుదే. తెల్లవారకముందే తెప్ప వేసినా వల లాగేసరికి పొద్దెక్కుతుంది. మీ నాన్నకు ఎండ పైనుంచే కాదు, కిందినుంచి కూడా వస్తుంది. పొడి ఇసుక ఈ కిరణాల్లో నూటికి 15 పాళ్ళు, అలల నురుగు 25 పాళ్ళు వెనక్కి కొడతాయి. టోపీ పైనుంచి వచ్చేదాన్నే ఆపుతుంది. హుమ్మ దగ్గర ఉప్పుమళ్ళలో పనిచేసేవారి కళ్ళలో కూడా ఈ కండను చూశాను.

ముక్కు వైపే ఎందుకన్నది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. చెంప వైపు నుంచి వచ్చే వెలుగు నల్లగుడ్డు వంపులో వంగి, భూతద్దం కింద ఎండలా ఎదుటి అంచున, అంటే ముక్కు వైపున గుచ్చుకుంటుంది. అవతలి వైపున ముక్కే అడ్డుగోడ. కాబట్టి పక్కలు కూడా మూసుకునే కళ్ళద్దాలు కావాలి, వాటి మీద ‘యూవీ 400’ అని రాసి ఉండాలి. సంతలో దొరికే ఉట్టి నల్ల అద్దాలు వద్దు. చీకటికి పాప పెద్దదై, ఆపని కిరణాలు ఇంకా లోపలికి పోతాయి. కండ పాప మీదికి పాకి చూపు మసకబారితే ఆపరేషన్ చేయాలి. గీకి వదిలేస్తే మళ్ళీ పెరుగుతుంది. ఆ చోట కంటి తెల్లపొర ముక్కను అతికే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కంట్లో పసరు మందు పోసేవాళ్ళ దగ్గరికి వెళితే మాత్రం నాకు చెప్పకండి.

ప్రశ్న: రాయగడ జిల్లాలో ఉపాధ్యాయుణ్ణి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఎండలో డ్రిల్లు చేసిన ప్రతిసారీ కాళ్ళు, నడుము నొప్పులని రెండు రోజులు ఏడుస్తోంది. నటన అంటున్నారు తోటివారు.

జవాబు: మాస్టారూ, ఆ పిల్లకు సికిల్ సెల్ పరీక్ష ఈ వారమే చేయించండి. మన కొండ జిల్లాల్లో ఈ జబ్బు చాలా ఉంది. ఒంట్లో నీరు తగ్గగానే ఎర్ర కణాలు కొడవలిలా వంకర తిరిగి సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి, ఎముకలు విరిగినంత నొప్పి. అవునని తేలితే డ్రిల్లు నీడలో, బల్ల మీద ఎప్పుడూ నీళ్ళ సీసా, మూత్రానికి అడిగినప్పుడల్లా సెలవు. హైడ్రాక్సీయూరియా అనే మందు ఉంది, నొప్పులను బాగా తగ్గిస్తుంది. నటన అన్నవారికి ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: తెల్లవారి సూర్యనమస్కారాలు చేస్తే డి విటమిన్ వస్తుందా?

జవాబు: రాదు. నిద్ర వస్తుంది, రాత్రికి. ఉదయపు వెలుగు కంటి వెనక తెరలోని కొన్ని ప్రత్యేక కణాలకు తగిలి మెదడులోని గడియారానికి కీ ఇస్తుంది. మానకండి, పిల్లలను కూడా లాక్కెళ్ళండి. రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉండే పిల్లలకు దూరపు చూపు మసకబారి అద్దాలు రావడం తగ్గుతుంది. రథసప్తమికి నేనూ అరసవల్లి వెళ్ళే దాన్నే.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా అమ్మమ్మ చెబితే రాస్తున్నాను. అమ్మమ్మ పర్లాకిమిడి బజారులో తాటిముంజలు అమ్ముతుంది. పదకొండు దాటాక గోడ నీడ ఆమె చోటును వదిలేస్తుంది. మూడింటి దాకా తల తిరుగుతోంది, మూత్రం మంట. ఏ మాత్ర వేసుకోవాలని అడగమంది.

జవాబు: బంగారుతల్లీ, నీ దస్తూరి ఈ కట్టలో అందరికంటే బాగుంది. అమ్మమ్మకు ఇలా చదివి చెప్పు.

అప్పా, ఇన్ని ముంజలు ఎదురుగా పెట్టుకుని రోజుకు ఎన్ని తింటున్నారు? ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతున్నారు? జవాబు నాకు తెలుసు. బజారులో ఆడవాళ్ళకు వెళ్ళే చోటు లేదు. అందుకని పొద్దున్న ఇంట్లో బయల్దేరే ముందు ఒక గుక్క, మళ్ళీ ఇంటికెళ్ళాకే. తల తిరగడం అందుకే, మంట కూడా అందుకే. మంటకు ముందు మూత్రం పరీక్ష కావాలి, మాత్ర తర్వాత చెబుతాను. తలకు తడి తువ్వాలు, దాని మీద నల్ల గొడుగు. పదకొండున్నరకు చోటు మార్చండి. ఎదురు వరసలో బట్టల కొట్టు ముందు అప్పటికి నీడ వస్తుంది, నిన్న నేను వెళ్ళి చూసి వచ్చాను, కొట్టు అబ్బాయితో మాట్లాడాను కూడా. గంటకు రెండు గ్లాసుల నీళ్ళు తాగండి, భయం లేకుండా.

మా ఇంటి పక్క సందులోంచి పెరటి మరుగుదొడ్డికి వేరే తలుపు ఉంది. గడియ బయటి వైపునే ఉంటుంది. పక్కన కూరగాయలమ్మే వాళ్ళకు కూడా చెప్పండి. కుక్క అరుస్తుంది గాని కరవదు.